టాపు తీసే కారా, టాపు కోసిన కారా?

పాతకార్ల గురించి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో బాడీ మీద అడిగినవాటిని ఒకచోట చేర్చాం. కారు పేరు నిజమే, మోడల్ ఏడాదీ నిజమే. మరి ఆ బాడీ ఫ్యాక్టరీలో పుట్టిందా, ఏ షెడ్డులోనో పుట్టిందా? అందరి సందేహమూ ఇదే.

ప్రశ్న: 1965 ఫోర్డ్ ముస్తాంగ్ కన్వర్టబుల్ (టాపు మడిచే కారు) అన్న ప్రకటన చూసి వెళ్లాను. ఎర్ర రంగు, తెల్ల టాపు, ముచ్చటగా ఉంది. డోరు మీది ప్లేటులో 76ఏ అని ఉంది. బానెట్ లేపి చూస్తే మాత్రం నంబరు 5ఆర్07సీ అని మొదలైంది. 07 అంటే కూపే (కప్పు కదలని రెండు డోర్ల కారు) అని ఎక్కడో చదివాను. అమ్మే ఆయన్ని అడిగితే "టైటిల్ కాగితంలో కన్వర్టబుల్ అనే ఉందిగా" అంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి?
— పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: మీరు చదివింది నిజమే. 1965, 66 ముస్తాంగ్‌ల నంబరులో అక్షరాలు, అంకెలు కలిపి పదకొండు ఉంటాయి. మొదటి 5 మోడల్ ఏడాది. ఆర్ అంటే శాన్ హోసే ఫ్యాక్టరీ, ఎఫ్ అంటే డియర్‌బార్న్, టీ అంటే మెటుచెన్. తర్వాతి రెండంకెల్లోనే మీ జవాబుంది: 07 కూపే, 08 కన్వర్టబుల్, 09 ఫాస్ట్‌బ్యాక్ (కప్పు వెనక్కి ఏటవాలుగా దిగే కారు). సీ అంటే రెండు బ్యారెళ్ల కార్బ్యురేటరున్న 289 వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజను. మిగిలిన ఆరంకెలు 100001 నుంచి సాగే వరస సంఖ్య.

డోరు ప్లేటు లెక్క వేరు. అందులో 65 కూపే, 76 కన్వర్టబుల్, 63 ఫాస్ట్‌బ్యాక్. పక్కన ఏ ఉంటే మామూలు ఇంటీరియర్, బీ ఉంటే ఖరీదైనది. అదే ప్లేటు మీద వారంటీ నంబరు పేరుతో కారు నంబరు కూడా మళ్లీ కొట్టి ఉంటుంది. మీరు దాన్ని చదివినట్టు లేదు. ఈసారి వెళ్లినప్పుడు మొదట అదే చూడండి. 76ఏ పక్కనే ఉన్న నంబరులో 07 కనిపిస్తే ఆ ప్లేటు తన మాటను తానే కాదంటున్నట్టు. ఎవరో కొత్త ప్లేటు చేయించుకుంటూ బాడీ కోడ్ మాత్రం మార్పించారు. 08 ఉంటే ఆ ప్లేటో, మొత్తం డోరో వేరే కారుది. ఇలాంటి ప్లేట్లు కొత్తవి అచ్చం పాతవాటిలాగే కొట్టి ఇస్తారు. రెండు రివెట్ల పని. అందుకే ఆప్రాన్ (బానెట్ కింద చక్రం పక్కనుండే లోపలి రేకు) మీది నంబరుకూ ప్లేటుకూ పొసగనప్పుడు ఆప్రాన్‌నే నమ్మాలి.

ఆప్రాన్‌ను కూడా గుడ్డిగా నమ్మకండి. మీరు చూసిన నంబరు డ్రైవరు వైపు లోపలి రేకు పై అంచు మీదిది. అది కనబడేందుకే మడ్‌గార్డు అంచులో చిన్న గంటు పెట్టారు. ఇదే నంబరు మరో రెండుచోట్ల మడ్‌గార్డుల కింద దాగి ఉంటుంది, ఎడమ ఆప్రాన్ మీద ఒకటి, కుడి ఆప్రాన్ మీద ఒకటి. మడ్‌గార్డులు బోల్టులతో బిగించినవే, విప్పితే చూడొచ్చు. అమ్మేవాళ్లు ఒప్పుకోవడమే కష్టం. కుడివైపు నంబరు లేదని వెంటనే మోసం అనేయకండి. ఈ కార్లలో బ్యాటరీ కుడివైపు ముందు ఉంటుంది. యాసిడ్ కారి ఆ రేకు తినేస్తే మార్చేస్తారు, దాంతోపాటే నంబరూ పోతుంది. ఎడమవైపు అలాంటి సాకు లేదు. అక్కడ నంబరు చుట్టూ చదరంగా వెల్డింగ్ గీత ఉన్నా, అంకెలు ఒకదాని లోతు ఒకదానికి లేకపోయినా బేరం అక్కడితో ఆపేయండి. నంబరు మార్చడం అమెరికాలో ఫెడరల్ నేరం. అలాంటి కారును పోలీసులు పట్టుకుపోతే మీరిచ్చిన డబ్బు తిరిగి రాదు.

ఇక టైటిల్ కాగితం. పదిహేడు అక్షరాల నంబర్లు 1981 నుంచే వచ్చాయి. అంతకు ముందు కార్ల వివరాలు దరఖాస్తులో రాసినట్టే కౌంటర్లో ఎక్కించడం మామూలే. యాజమాన్యం ఎవరిదో చెప్పడానికి ఆ కాగితం పనికొస్తుంది కానీ, బాడీ ఎలాంటిదో చెప్పడానికి పనికిరాదు.

నంబర్ల సంగతి అయ్యాక కారు కింద పడుకోండి. అసలు సాక్ష్యం అక్కడుంది. ముస్తాంగ్‌కు విడి చాసిస్ లేదు, బాడీయే చాసిస్. కూపేలో పైకప్పు కూడా బరువు మోస్తుంది. అది లేని కన్వర్టబుల్ మధ్యలో కుంగకుండా ఉండాలని ఫోర్డ్ కింద అదనంగా ఇనుము పెట్టింది. డోరు కింద నిలువునా సాగే దూలాల్లో, అంటే రాకర్లలో, లోపలి రేకు కూపేలోకన్నా మందం. ముందు సీట్ల కింద నేల అడుగున వెడల్పాటి బలపు రేకులు స్పాట్ వెల్డింగ్‌తో అతికి ఉంటాయి. కూపే అడుగున ఆ చోట ఒట్టి నేల రేకే కనబడుతుంది. ముందు చక్రాల వెనక, ఫ్రేమ్ పట్టాలను రాకర్లకు కలిపే పెట్టెల్లాంటి టార్క్ బాక్సులు కన్వర్టబుల్‌లో రెండు వైపులా ఉండాలి.

ఉన్నాయా లేవా అన్నదొక్కటే చాలదు, ఎలా అతికారో చూడాలి. ఫ్యాక్టరీ స్పాట్ వెల్డింగ్ చిటికెన వేలి గోరంత గుండ్రటి చిన్న గుంటల్లా, వరసగా, దాదాపు సమదూరంలో ఉంటుంది. షెడ్డులో చేసింది రంధ్రం తొలిచి నింపిన పొంగు బొడిపెల్లా ఉంటుంది, లేదా గ్రైండర్‌తో అరగదీసిన మచ్చల్లా ఉంటుంది. అడుగంతా కొత్తగా నల్లటి అండర్‌కోటింగ్ దట్టంగా పూసి ఉంటే మాత్రం అనుమానించండి. కొంత గీకి చూస్తామని అడగండి. ఒప్పుకోకపోతే అదీ ఒక జవాబే.

తర్వాత వెనక సీటు. అసలు కన్వర్టబుల్‌లో టాపు మడత ఇరుపక్కలా చోటు తినేస్తుంది కాబట్టి వెనక సీటు కూపే సీటుకన్నా ఇరుకు. కూపే సీటు అలాగే ఉంటే ఆ టాపు మడత ఎక్కడ దిగుతోందో చూడండి. కూపేలో వెనక సీటుకూ అద్దానికీ మధ్య రేకు అర ఉంటుంది. కన్వర్టబుల్‌లో దాని బదులు టాపు దిగే గొయ్యి ఉంటుంది. కోసిన కూపే అయితే, డిక్కీలోంచి టార్చి వేసి ముందుకు చూస్తే, ఆ అరను కోసిన మొండి అంచు ఇరుపక్కలా మిగిలి కనబడుతుంది. దాన్ని పూర్తిగా చదును చేసే ఓపిక చాలామందికి ఉండదు. ముందు అద్దం పై పట్టీ కూడా పరీక్షించండి. టాపు కొక్కేలు పట్టుకునే గూళ్లు రేకులోనే అచ్చు పోసినట్టుండాలి, తర్వాత తగిలించినట్టు కాదు.

చివరగా జాకీ పరీక్ష. డోరు వెనక అంచు దగ్గర సందును పైన, కింద రెండుచోట్ల కొలవండి. పనిముట్టు లేకపోతే డ్రిల్ బిట్ల వెనక కాడలు చాలు, ఏది దూరితే అదే కొలత. నేల మీద ఉన్నప్పుడే పైన ఇరుకు, కింద వెడల్పు అయితే నడుము కుంగింది. ఒక ముందు మూల జాకీతో లేపి మళ్లీ కొలవండి. కొద్ది తేడా ఏ టాపులేని కారులోనైనా వస్తుంది. డోరు తెరుచుకోనంతగా పట్టేసినా, సందు మూడు నాలుగు మిల్లీమీటర్లు కదిలినా ఆ కారు రోడ్డెక్కడానికే తగదు.

మరి బేరం వదిలేయాలా? అడుగున ఇనుము సరిగ్గా వేసి ఉండి, అమ్మే ఆయన "కూపేను మార్చిందే" అని రసీదులో రాసిస్తే, ఆ మేరకు ధర తగ్గించి కొనుక్కోవచ్చు. కన్వర్టబుల్ ధరకు మాత్రం వద్దు.

ప్రశ్న: "1964½ ఫాస్ట్‌బ్యాక్, చాలా అరుదు" అంటూ ఒక ముస్తాంగ్ చూపిస్తున్నారు. నంబరు 5తో మొదలవుతోంది, 4తో కాదు. ఇదేం తిరకాసు? ఫాస్ట్‌బ్యాక్ అసలుదో కాదో ఎలా తేల్చాలి?
— పాఠకురాలు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: 5తో మొదలవడంలో తిరకాసేమీ లేదమ్మా. 1964 ఏప్రిల్ 17న ముస్తాంగ్ బజారులోకి వచ్చినా, మొదటిరోజు నుంచీ అన్నిటికీ 1965 మోడల్ నంబరే కొట్టారు. 64½ అనేది అభిమానులు పెట్టుకున్న పేరు. తిరకాసంతా ఫాస్ట్‌బ్యాక్ అన్న మాటలో ఉంది. విడుదలప్పుడు కూపే, కన్వర్టబుల్ రెండే ఉన్నాయి. ఫాస్ట్‌బ్యాక్ ఆ ఏడాది రెండో సగంలో, మామూలు 1965 మోడళ్లతో కలిసి వచ్చింది. కాబట్టి 64½ ఫాస్ట్‌బ్యాక్ అరుదు కాదు, అసలు లేదు. అమ్మే వ్యక్తికి తెలియక అన్నాడో తెలిసే అన్నాడో గానీ, అతని మిగతా మాటలనూ అదే తూకంతో తూయండి.

కూపేను ఫాస్ట్‌బ్యాక్ చేయడానికి కారణం సంఖ్యలే. 1966లో కూపేలు 4,99,751 తయారైతే ఫాస్ట్‌బ్యాక్‌లు 35,698 మాత్రమే. 1965లో ఫాస్ట్‌బ్యాక్‌లు 77,079. ధరలో తేడా ఎంతుంటుందో చెప్పనక్కర్లేదు. నుజ్జయిన అసలు ఫాస్ట్‌బ్యాక్ నుంచి కప్పు కోసి తెచ్చి కూపే మీద అతికిస్తారు. లేదా కొత్తగా చేసి అమ్మే కప్పు, పక్క రేకులు కొని బిగిస్తారు. రెండింట్లోనూ ఆప్రాన్ మీద 07 అలాగే మిగులుతుంది. నంబరులో 09 లేకపోతే మిగతా పరీక్షలతో పనే లేదు.

09 ఉంటేనే అసలు పని మొదలవుతుంది, ఆ ఆప్రాన్ వేరే కారుది కావచ్చు కాబట్టి. ఇక్కడ చాలామంది అయస్కాంతం పట్టుకుని వెళ్లి బోల్తా పడతారు. కప్పు, వెనక పక్క రేకు కలిసేచోట అయస్కాంతం అంటుకోకపోతే "పుట్టీ దట్టించారు" అని తేల్చేస్తారు. ఫోర్డ్ ఆ అతుకును ఫ్యాక్టరీలోనే సీసంతో నింపి నున్నగా చేసింది. సీసానికి అయస్కాంతం అంటదు. పెయింటు మందం కొలిచే మీటరూ అక్కడ పెద్ద అంకే చూపిస్తుంది. పైనుంచి తేలదు కాబట్టి లోపలినుంచి చూడాలి. వెనక పక్క ప్లాస్టిక్ ప్యానెళ్లు స్క్రూలతో ఉంటాయి, విప్పించండి. కప్పు లోపలి పట్టీలు పక్క రేకుతో కలిసేచోట వరస స్పాట్ వెల్డింగ్ ఉంటే మంచిదే. వంకరటింకర మిగ్ వెల్డింగ్ గీత, కాలిన నీలి మచ్చలు ఉంటే కథ అర్థమైనట్టే. ముందు అద్దం పక్క పిల్లర్లు కూడా చూడండి. తెచ్చిన కప్పును చాలామంది ఆ పిల్లర్ల మధ్యలో కోసి కలుపుతారు. ఫ్యాక్టరీలో అక్కడ అతుకే లేదు.

కిటికీ వెనక గాలి చీలికలు, మడిచే వెనక సీటు చూసి మురిసిపోకండి. అవన్నీ కొత్తవి దొరుకుతాయి.

కొందరు మార్టి రిపోర్ట్ తెప్పించుకోమని సలహా ఇస్తారు. ఫోర్డ్ ఉత్పత్తి రికార్డుల నుంచి ఇచ్చే ఆ నివేదిక 1967 మోడల్ నుంచే ఉంది, మీ కారుకు రాదు. 67, 68 కార్లు చూసేవాళ్లకు ఒక గుర్తు: ఆ ఏడాదుల్లో కోడ్‌లు మారాయి. 01 కూపే, 02 ఫాస్ట్‌బ్యాక్, 03 కన్వర్టబుల్.

ప్రశ్న: పెళ్లి ఊరేగింపులకు తిప్పుతున్న 1963 షెవర్లే ఇంపాలా ఓపెన్ కారు అమ్మకానికి వచ్చింది. నాలుగు డోర్లు. "ఒరిజినల్ కన్వర్టబుల్, ఏదో సంస్థానం వాళ్ల బండి" అంటున్నారు. కొనొచ్చా?
— పాఠకుడు, మలక్‌పేట, హైదరాబాద్

జవాబు: నాలుగు డోర్లు అన్నారు కదా, అక్కడే తేలిపోయింది. 1963లో షెవర్లే నాలుగు డోర్ల కన్వర్టబుల్ తయారు చేయలేదు. ఆ రోజుల్లో అమెరికాలో ఫ్యాక్టరీ నుంచి నాలుగు డోర్లతో టాపు తెరుచుకుని వచ్చిన కారు లింకన్ కాంటినెంటల్, 1961 నుంచి 67 దాకా. మీకు చూపించిన ఇంపాలా సెడాన్ టాపు కోసిందే, సంస్థానం వాళ్లు కోయించినా సరే.

రెండు డోర్ల ఇంపాలా ఎదురైనప్పుడు పనికొస్తుంది కాబట్టి ఇది రాసి ఉంచుకోండి. డ్రైవరు వైపు డోరు తెరిస్తే, అమెరికా కారైతే ఎడమవైపు, కీళ్లు బిగించిన పిల్లర్ మీద స్పాట్ వెల్డింగ్ చేసిన చిన్న ప్లేటు ఉంటుంది. నంబరులో మొదటి అంకె ఏడాది. తర్వాతి రెండంకెలు సిరీస్, 18 అంటే ఇంపాలా వీ8, 17 అంటే ఇంపాలా ఆరు సిలిండర్లు. ఆ పై రెండంకెలు బాడీ. 67 కన్వర్టబుల్, 47 రెండు డోర్ల స్పోర్ట్ కూపే, 39 నాలుగు డోర్ల హార్డ్‌టాప్ (డోర్ల మధ్య పిల్లర్ లేనిది), 69 నాలుగు డోర్ల సెడాన్. అంటే 31867తో మొదలైతే 1963 వీ8 కన్వర్టబుల్, 31847 అయితే కూపే. ఇంజను గదిలో డ్యాష్‌బోర్డు వెనక గోడకు ఫిషర్ బాడీ ప్లేటు ఒకటి ఉంటుంది. అందులో స్టైల్ అన్నచోట చివరి రెండంకెలు కూడా 67 కావాలి. రెండు ప్లేట్లూ ఒకే మాట చెప్పాలి.

ఇంపాలా కూపేతో ఒక చిక్కుంది. 1962, 63 స్పోర్ట్ కూపేల రేకు కప్పును షెవర్లే వాళ్లే టాపు వేసిన కన్వర్టబుల్‌లా మడతలు కనిపించేట్టు మలిచారు. పాత నలుపు తెలుపు ఫొటో చూపించి "అప్పుడూ టాపు ఉంది చూడండి" అంటే అది రేకో గుడ్డో ఫొటోలో తెలియదు. ఫొటోను సాక్ష్యంగా తీసుకోకండి.

ఆర్సీలో టైప్ ఆఫ్ బాడీ అనే గడి ఉంటుంది. పాత ఆర్సీ పుస్తకంలో మొదటి రిజిస్ట్రేషన్ పేజీ చూడండి. అక్కడ సెలూన్ (మూసిన కప్పు కారు) అని ఉండి, మధ్యలో ఎప్పుడో ఓపెన్ అని దిద్దితే ఆ తేదీకి కోశారన్నమాట. కాగితానికీ కారుకూ మధ్య తేడా ఉంటే బీమా దగ్గరా, ట్రాన్స్‌ఫర్ దగ్గరా మీరే తిరగాలి.

ఊరేగింపు వ్యాపారానికే అయితే ఆ దృష్టితో ధర మాట్లాడుకోండి. కొనేముందు నలుగురిని వెనక సీటు మీద కూర్చోబెట్టి నాలుగు డోర్లూ తెరిచి మూయండి. పెళ్లికొడుకు దిగబోయేసరికి డోరు బిగుసుకుపోతే పరువు పోయేది మీదే.

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ "లో బానెట్" (బానెట్ ఎత్తు తక్కువున్న) జీపు అని చెప్పి ఒకటి చూపించారు. స్టీరింగ్ కుడివైపు ఉంది. ముందు గ్రిల్‌కు తొమ్మిది చీలికలున్నాయి. ఒరిజినలేనా?
— పాఠకుడు, ఖమ్మం

జవాబు: గ్రిల్ మీద లెక్క సరిపోయింది. యుద్ధకాలపు విల్లీస్ ఎంబీకి, అదే నమూనాలో ఫోర్డ్ చేసిన జీపీడబ్ల్యూకి అచ్చు గ్రిల్‌లో తొమ్మిది చీలికలు. 1945 నుంచి పౌరులకు అమ్మిన సీజే-2ఏకి ఏడు. స్టీరింగ్ దగ్గర లెక్క తప్పింది. యుద్ధం జీపులన్నీ ఎడమ స్టీరింగ్‌వే. కుడివైపుకు ఇక్కడ మార్చి ఉండొచ్చు, అలా చాలా జరిగింది. కాబట్టి అదొక్కటే నకిలీకి రుజువు కాదు గానీ, ఒరిజినల్ అన్న మాట మాత్రం అక్కడే పోయింది.

లో బానెట్ బాడీలు నేటికీ రేకు వంచి కొత్తగా చేస్తున్నారు. హర్యానాలోని మండీ డబ్వాలీ ఈ పనికి పేరుపడ్డ ఊరు. గ్రిల్, బానెట్, పార చెక్కే పక్క గుంట దాకా అన్నీ అచ్చంగా వచ్చేస్తాయి. కాబట్టి బాడీని చూసి లాభం లేదు, బంపరు వెనక వంగి చాసిస్ చూడండి. రేడియేటరు కింద రెండు పట్టాలను కలిపే అడ్డకమ్మీ గుండ్రటి గొట్టమైతే విల్లీస్ ఎంబీ. బోర్లించిన గాడిలాంటి పట్టీ అయితే ఫోర్డ్ జీపీడబ్ల్యూ. ఎంబీకి చాసిస్ నంబరు ఎడమ పట్టా లోపలివైపు, ముందు బంపరు వెనక, రివెట్ చేసిన చిన్న ప్లేటు మీద ఉంటుంది. ఆ ప్లేటు ఊడిపోవడం, మార్చడం రెండూ సులువు. ఫోర్డ్‌కు ఎడమ పట్టా పైభాగంలో ఇనుములోకే కొట్టారు. ఫోర్డ్ బోల్టుల తలల మీద ఎఫ్ అక్షరం కూడా కనబడుతుంది. బోల్టులన్నిటి మీదా ఎఫ్ ఉండి అడ్డకమ్మీ గొట్టమైతే, రెండు జీపులు కలిసి ఒకటైనట్టు.

ఇంకొన్ని చిన్న గుర్తులు. ఎంబీలో పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కింద ఉంటుంది, సీటు మెత్త లేపి పోయాలి. బయట పక్క రేకుకు మూత ఉంటే అది సీజే రకం. ఎంబీకి వెనక కిందికి దిగే తలుపు లేదు, స్టెపినీ వెనకే తగిలిస్తారు. హెడ్‌లైట్లు గ్రిల్ వెనక కాస్త లోపలికుంటాయి, రెక్క నట్టు వదులు చేసి వెనక్కి తిప్పితే ఇంజను మీద వెలుగు పడుతుంది. రాత్రి రిపేరు కోసం చేసిన ఏర్పాటిది. నకలు బాడీల్లో ఈ కీలు ఉండటం తక్కువ. చక్రం మధ్య నుంచి చక్రం మధ్యకు టేపు పెడితే 80 అంగుళాలు, అంటే 2032 మిల్లీమీటర్లు రావాలి. పొడవాటి చాసిస్‌ను కోసి పొట్టి చేసినా ఆ కొలత వస్తుంది కాబట్టి, రెండు పట్టాల బయటి ముఖం మీద మధ్యలో అడ్డంగా వెల్డింగ్ గీత ఉందేమో చేత్తో తడిమి చూడండి. కంటికన్నా వేలికే బాగా తెలుస్తుంది.

బానెట్ లేపి ఇంజనూ చూడండి. ఎంబీది గో డెవిల్, 2199 సీసీ, వాల్వులన్నీ పక్క బ్లాకులోనే ఉండి తల చదునుగా ఉంటుంది. మన దేశంలో మహీంద్రా చేసిన సీజే-3బీలోని హరికేన్ ఇంజనుకు ఇన్‌టేక్ వాల్వులు తలలో ఉంటాయి, అందుకే అది పొడుగు. ఆ పొడుగు పట్టడానికే హై బానెట్ వచ్చింది. లో బానెట్ కింద హరికేన్ ఇంజను ఉందంటే, బానెట్‌నో ఇంజను దిమ్మలనో మార్చక తప్పదు. అప్పుడు ఆ బండి ఎక్కడ పుట్టిందని అడిగితే ఒకే ఊరి పేరు చెప్పలేం.

ప్రశ్న: బీటిల్ కన్వర్టబుల్‌కు చాసిస్ నంబరు చూస్తే చాలదా?
— పాఠకుడు, బెంగళూరు

జవాబు: చాలదు. 1965 మోడల్ నుంచి నంబరు 15తో మొదలైతే కన్వర్టబుల్, 11 అయితే మామూలు సెడాన్. మూడో అంకె మోడల్ ఏడాది. వెనక సీటు లేపితే మధ్య టన్నెల్ మీద ఈ నంబరు కనబడుతుంది. కానీ బీటిల్ బాడీ నేల పళ్లేనికి బోల్టులతో బిగించి ఉంటుంది. ఒక పూటలో విప్పి వేరే పళ్లెం మీద కూర్చోబెట్టొచ్చు. నంబరు పళ్లేనిది, బాడీది కాదు. అసలు కన్వర్టబుల్‌ను జర్మనీలోని ఓస్నాబ్రుక్‌లో కార్మాన్ సంస్థ కట్టింది. దాని ప్లేటు బాడీ మీద విడిగా ఉంటుంది. డోర్ల కింద పొడవునా కార్మాన్ వెల్డ్ చేసిన బలపు కమ్మీలుంటాయి. సెడాన్‌ను కోసినవాళ్లు ఎక్కువగా ఎగ్గొట్టేది వాటినే.

ప్రశ్న: మా నాన్నగారి 1960ల నాటి ఫియట్ 1100. ఆయన కొనకముందే ఎవరో టాపు కోసి ఓపెన్ కారు చేశారు. ఆర్సీలో మాత్రం సెలూన్ అని ఉంది. వింటేజ్ నంబరు తీసుకోవాలనుకుంటున్నాం. వస్తుందా?
— పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఇప్పుడున్నట్టుగా అయితే కష్టం. 2021 జులైలో కేంద్రం నోటిఫై చేసిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన వాహనం వింటేజ్ కిందికి వస్తుంది. అయితే అది మొదటి రూపంలో ఉండాలి, చాసిస్‌లో గానీ బాడీ షెల్‌లో గానీ ఇంజనులో గానీ పెద్ద మార్పు చేసి ఉండకూడదు. కప్పు కోయడమంటే బాడీ షెల్ మార్చడమే. దరఖాస్తు ఫారం 20లో, కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు, పదేళ్ల గడువు, పునరుద్ధరణకు 5,000. నంబరు రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏతో వస్తుంది. రోజూ తిప్పుకోవడానికో కిరాయికో ఇది కాదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు, రిపేరు లాంటి వాటికే రోడ్డెక్కాలి.

మీకు కలిసొచ్చేది ఆర్సీలో సెలూన్ అని ఉండటం. కప్పు తిరిగి పెట్టిస్తే కాగితమూ కారూ ఒకటవుతాయి. తుక్కుకు పోయే అదే నమూనా ఫియట్‌ను వెతికి, కప్పును పిల్లర్లతో సహా కావలసినదానికన్నా కిందికి కోయించి తెచ్చుకోండి. ఎక్కువైతే తగ్గించుకోవచ్చు, తక్కువైతే అతుకు మీద అతుకు పడుతుంది. మీ కారు మీద పని మొదలుపెట్టకముందే నాలుగు డోర్ల ఖాళీల్లో అడ్డంగా ఇనుప కడ్డీలు తాత్కాలికంగా వెల్డ్ చేయించాలి. ఇన్నేళ్లు కప్పు లేకుండా తిరిగిన బాడీ మధ్యలో కొంత దిగే ఉంటుంది. మొదట జాకీలతో దాన్ని సరిచేసి, సందులు కొలిచి, ఆ స్థితిలో కడ్డీలు బిగించాలి. కుంగిన బాడీ మీదే కప్పు అతికిస్తే డోర్లు ఇక ఎప్పటికీ కుదరవు.

కప్పును మొదట అక్కడక్కడ చుక్కలతోనే పట్టించండి. కడ్డీలు తీసి డోర్లు బిగించి, ఫియట్ డోరు అద్దాలకు ఫ్రేములుంటాయి కాబట్టి అవి కప్పు అంచుతో సమంగా ఆనుతున్నాయో లేదో చూడండి. ముందు, వెనక అద్దాలను రబ్బరుతో సహా కూర్చోబెట్టి చూశాకే పూర్తి వెల్డింగ్. అదీ ఒకేసారి గీతలా లాగితే వేడికి రేకు వంకరపోతుంది. రెండు మూడు సెంటీమీటర్ల చొప్పున ఒకసారి ఎడమ, ఒకసారి కుడి, మధ్యలో చల్లారనిస్తూ వేయమనండి. ప్రతి దశా ఫొటో తీసి తేదీ వేసి ఉంచుకోండి. తనిఖీ అధికారి అతుకులు చూసి అడిగితే కోసింది ఎప్పుడో, తిరిగి పెట్టింది ఏమిటో ఆ ఫొటోలే చూపించొచ్చు.